మొక్కల తొట్టికి గుళికల మట్టి: పద్నాలుగు నెలల వాడకం తర్వాత

మంచినీటి అక్వేరియంలో మొక్కలు పెంచేవారి కోసం అమ్మే గుళికల మట్టిని, అంటే ఆక్వాసాయిల్‌ను, 9 లీటర్ల సంచి తెచ్చి 60 సెంటీమీటర్ల పొడవున్న తొట్టిలో పరిచి పద్నాలుగు నెలలు నిండాయి. ఈ మట్టి గుణం మొదటి నెలలో ఒక తీరుగా, ఆరో నెలలో మరో తీరుగా, ఏడాది దాటాక ఇంకో తీరుగా ఉంటుంది కనుక, సంచి విప్పిన వారానికే రాసే పొగడ్తకు గాని తెగడ్తకు గాని పెద్ద విలువ లేదని నా అభిప్రాయం. జపాన్‌కు చెందిన తకాషి అమానో (1954–2015) స్థాపించిన సంస్థ వల్ల ప్రాచుర్యంలోకి వచ్చిన ఈ రకం మట్టిని ఇప్పుడు అనేక సంస్థలు తయారుచేస్తున్నాయి. నేను వాడినదాని పేరు ప్రస్తావించడం లేదు. ఇక్కడ చెప్పబోయేది చాలావరకు ఈ రకం మట్టి అంతటికీ వర్తిస్తుంది.

సంచి మీద ‘60 సెంటీమీటర్ల తొట్టికి సరిపోతుంది’ అని ముద్రించారు. లెక్క ప్రకారం అది నిజమే. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అడుగు మీద 9 లీటర్లను చదునుగా పరిస్తే సరిగ్గా 5 సెంటీమీటర్ల మందం వస్తుంది. అయితే తొట్టికి లోతు కనిపించాలంటే మట్టి ముందు పల్చగా, వెనుక ఎత్తుగా ఉండాలి. ముందు 3, వెనుక 10 సెంటీమీటర్లు కావాలనుకుంటే దాదాపు 12 లీటర్లు పడుతుంది. రెండో సంచి కొనడం ఇష్టం లేక, లావా రాయి ముక్కలను వలసంచుల్లో కట్టి వెనుక భాగంలో అడుగున పెట్టి, వాటి మీద మట్టి పోశాను. ఇప్పటివరకు ఆ వాలు జారలేదు.

గుళికలను కడగవద్దని సూచనల కాగితంలో స్పష్టంగా ఉంది, అది పాటించవలసిన మాటే. బియ్యం కడిగినట్టు కడిగితే గుళిక చిదిగి బురద అవుతుంది. మట్టి మీద పళ్లెం ఉంచి దాని మీద సన్నని ధారగా నీరు నింపితే, మిగిలిన కొద్దిపాటి మసక ఫిల్టర్ నడిచిన రెండో రోజుకు తేరుకుంది. ఈ విషయంలో ఆ సంచికి వంక పెట్టలేను.

వంక పెట్టవలసినది అదే కాగితంలోని తరువాతి వాక్యానికి. మూడు రోజులు ఫిల్టర్ నడిపి, ఆ తరువాత చేపలను వదలవచ్చునని అందులో రాశారు. వెనుకటి తొట్టిలో ఇటువంటి మాటే నమ్మి ఆరు నియాన్ టెట్రాలను పోగొట్టుకున్న అనుభవం ఉండబట్టి, ఈసారి ముందుగానే టెస్ట్ కిట్ తెచ్చుకున్నాను. చేపలకు విషమైన అమోనియా మూడో రోజున 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో రెండు), ఆరో రోజున 4 పీపీఎం చూపించింది. ఇది తయారీ లోపమేమీ కాదు. మొక్కలకు ఆహారంగా గుళికల్లో నింపిన నత్రజని మొదటి వారాల్లో అమోనియా రూపంలో నీటిలోకి దిగుతుంది. దానిని ఒక జాతి బాక్టీరియా నైట్రైటుగా, మరో జాతి నైట్రేటుగా మార్చాలి, ఆ జీవులు ఫిల్టర్‌లో స్థిరపడడానికి వారాలు పడుతుంది. పైగా ఈ మట్టి నీటిని ఆమ్లంగా మారుస్తుంది, ఆమ్ల నీటిలో ఆ బాక్టీరియా మరింత నిదానంగా పెరుగుతుంది. నా తొట్టిలో అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకు దిగింది ముప్పై నాలుగో రోజున.

ఇక్కడ మరొక మెలిక ఉంది. పీహెచ్ (నీటి ఆమ్లగుణాన్ని తెలిపే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 6.5 దగ్గర అమోనియాలో అత్యధిక భాగం చేపలకు అంతగా హాని చేయని అమోనియం రూపంలో ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే విషరూపం సుమారు పది రెట్లవుతుంది. కనుక తొందరపడి చేపలను వదిలినవారు, అవి నీరసించడం చూసి కంగారుగా సగం నీరు తీసి 7.6 పీహెచ్ ఉన్న కుళాయి నీరు పోస్తే, మేలు చేస్తున్నామనుకుంటూనే అపాయాన్ని పెంచవచ్చు. చేపలు లేని తొట్టిలో ఈ చిక్కు లేదు. మొదటి వారం రోజు విడిచి రోజు సగం నీరు మార్చి, త్వరగా పెరిగే హైగ్రోఫిలా, రొటాలా కాడలను ఒత్తుగా నాటితే, చేపకు విషమైనదే మొక్కకు ఎరువవుతుంది.

మొక్కల మాటకు వస్తే ఈ మట్టి తన పని చక్కగా చేసింది. క్రిప్టోకోరైన్ ఆకులన్నీ రెండో వారంలో కరిగిపోయాయి గాని, ఆ మొక్క చోటు మారినప్పుడు అలా జరగడం మామూలే. వేరును కదపకుండా వదిలేస్తే నెల తిరిగేసరికి కొత్త ఆకులు వేసింది. నేల మీద తివాచీలా పాకే మాంటే కార్లో మొక్క మాత్రం, రోజుకు ఆరు గంటల వెలుతురు, కార్బన్ డయాక్సైడ్ అందించగా, పది వారాల్లో ముందు భాగమంతా పచ్చగా పరుచుకుంది. గుళికల మధ్య ఖాళీల్లోకి సన్నని వేళ్లు సులువుగా దిగడం గాజు వెలుపలి నుంచే కనిపిస్తుంది, నా పాత గులకరాళ్ల తొట్టిలో ఈ దృశ్యం ఎన్నడూ చూడలేదు. జావా ఫెర్న్, అనూబియాస్ మాత్రమే పెంచదలచినవారు ఈ సంచి కొనడం దండగ. వాటి దుంపకాండాన్ని మట్టిలో పూడిస్తే కుళ్లుతుంది. రాతికో కొయ్యకో కట్టవలసిన మొక్కలకు మట్టితో పనేముంది?

నీటిని ఆమ్లంగా, మృదువుగా ఉంచుతుందన్న మాట కూడా సంచి మీద ఉంది, ఎంతకాలమో మాత్రం లేదు. మా కుళాయి నీటి కార్బొనేట్ కఠినత్వం, అంటే పీహెచ్‌ను పడిపోకుండా నిలిపే లవణాల కొలత, 5 డిగ్రీలు. మట్టి దానిని మొదట్లో 1 డిగ్రీకి దించి, పీహెచ్‌ను 6.4 దగ్గర నిలిపింది. తొమ్మిదో నెలకు పీహెచ్ 6.8 అయింది, ఇప్పుడు 7.2 దాటుతోంది. (కార్బన్ డయాక్సైడ్ వాడేవారు ఈ కొలతను ఉదయం గ్యాస్ తెరవకముందే తీసుకోవాలి, లేకపోతే గ్యాస్ దించిన అంకెను మట్టి ఖాతాలో వేసుకుంటారు.) కఠినత్వాన్ని పీల్చుకునే శక్తి గుళికలో పరిమితంగానే ఉంటుంది, నీరు ఎంత కఠినంగా ఉంటే, ఎంత ఎక్కువగా మారిస్తే, అది అంత త్వరగా ఖర్చవుతుంది. ఎరువు కూడా అంతే. ఎనిమిదో నెలలో పాత ఆకులు పసుపు తిరగడం మొదలైనప్పటి నుంచి మూడు నెలలకోసారి ఎరువు బిళ్లలను పట్టకారుతో వేళ్ల దగ్గర గుచ్చుతున్నాను.

గుళికల గట్టిదనానికి మంచి మార్కులే వేస్తాను. కదపని చోట అవి ఇంకా గుండ్రంగానే ఉన్నాయి. పెద్ద మొక్కను పెకలించిన చోట మాత్రం నలిగి బురదయ్యాయి, నీరు ఒక పూటంతా కలకబారింది. అప్పటి నుంచి వేరుతో లాగడం మాని, కాండాన్ని మట్టి మట్టానికి కత్తిరిస్తున్నాను. సైఫన్ గొట్టాన్ని కూడా గులకరాళ్లలో వలె లోపలికి దించకుండా, పైన తేలిన చెత్తను మాత్రమే పీల్చేలా పట్టుకోవాలి.

మృదువైన ఆమ్ల నీటిని కోరే క్రిస్టల్ రెడ్ రొయ్యల కోసం ఈ మట్టిని ఎంచుకున్నాను, ఆ పని దీనితో ఏడాది సాగింది. ఇప్పుడు వాటిని కొనసాగించాలంటే పెరిగిన పచ్చదనమంతా పీకి కొత్త సంచి పరచాలి. అందుకు మనసొప్పక, రొయ్యలను అదే రకం పెంచుతున్న స్నేహితుడికి ఇచ్చి, కాస్త కఠిన నీటిలోనూ హాయిగా బతికే చెర్రీ రొయ్యలను తెచ్చుకుంటున్నాను. మట్టి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.