నాందేడ్ హుజూర్ సాహిబ్, బీదర్ నానక్ ఝీరా: ఎక్కడ దిగాలి, ఏం చూడాలి

బాసర వెళ్లినవాళ్లు చాలామంది దర్శనం అవ్వగానే వెనక్కి వచ్చేస్తారు గానీ అదే రైల్వే లైన్లో ఇంకాస్త ముందుకెళ్తే నాందేడ్. సిక్కుల ఐదు తఖ్తుల్లో, అంటే అత్యున్నత పీఠాల్లో, ఒకటైన హుజూర్ సాహిబ్ గురుద్వారా అక్కడే ఉంది, పదో గురువు గోవింద్ సింగ్ 1708లో పోయింది ఇక్కడే. తన తర్వాత మనుషులెవరూ గురువు కాదు, సిక్కుల పవిత్ర గ్రంథం గ్రంథ్ సాహిబే గురువు అని చెప్పి వెళ్లారు, అందుకే ఏ గురుద్వారాలోనూ విగ్రహం ఉండదు, పట్టుబట్టలూ వింజామరా అన్నీ గ్రంథానికే. మన పాండురంగడి భక్తుడు నామదేవుడి పదాలు కూడా అందులో ఉన్నాయండోయ్, 61 ఉన్నాయి.

ఇప్పుడున్న గుడి 1830ల్లో పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ కట్టించాడు, అప్పట్లో ఇదంతా నిజాం రాజ్యమే. హైదరాబాద్ అత్తాపూర్ వైపు సిక్ ఛావనీ అనే సిక్కుల బస్తీ ఉంది కదా, అక్కడివాళ్ల పూర్వీకులు కూడా ఆ కాలంలోనే రంజిత్ సింగ్ పంపితే వచ్చిన సిపాయిలు.

సాయంత్రం మాత్రం మిస్సవ్వద్దు. దీపాలతో హారతి ఇస్తారు, మామూలుగా గురుద్వారాల్లో ఇది కనపడదు, తర్వాత గురువుగారి ఆయుధాలు ఒక్కోటీ పైకెత్తి చూపిస్తారు.

లంగర్, అదే గురుద్వారాలో అందరికీ పెట్టే ఉచిత భోజనం, దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. కారులో వచ్చినోడూ కూలిపని చేసుకునేవాడూ ఒకే పట్టీ మీద పక్కపక్కన కూర్చోవాల్సిందే, రొట్టె కంచంలో వెయ్యరు, రెండు చేతులూ దోసిలి పట్టాలి. మా పక్కనున్న కుర్రాడు ఫోన్ చూసుకుంటూ ఒక చెయ్యి చాపితే వడ్డించే పెద్దాయన ఏమీ అనలా, రొట్టె పట్టుకుని అలాగే నవ్వుతూ నిలబడ్డాడు, వాడే ఫోన్ జేబులో పెట్టేశాడు.

బస విషయానికొస్తే గురుద్వారా వాళ్ల యాత్రీ నివాస్‌లే బెటర్, గదులు సాదాగా ఉంటాయి కానీ శుభ్రం, శని ఆదివారాలు దొరకడం కష్టం. మాకు దొరక్క స్టేషన్ దగ్గర ఒక ప్రైవేట్ లాడ్జిలో దిగాం, డబ్బులు ఎక్కువ, దోమలు ఇంకా ఎక్కువ, నీళ్లు ఆగిపోతే పలికే నాథుడే లేడు.

బీదర్‌లోని నానక్ ఝీరా గురుద్వారా ఇంకో రకం, ప్రశాంతంగా ఉంటుంది. గురునానక్ కాలితో రాయి జరిపితే మంచినీళ్లు వచ్చాయంటారు, ఆ ఊట ఇప్పటికీ పారుతోంది. 1699 వైశాఖికి ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ తన కోసం తల ఇచ్చేదెవరని అడిగితే లేచిన ఐదుగురిలో భాయీ సాహిబ్ సింగ్ ఈ ఊరివాడే, మంగలి ఇంట్లో పుట్టినాయన. కేశాలు, దువ్వెన, కడా (చేతి కడియం), కచ్ఛా (లోదుస్తు), కిర్పాన్ (కత్తి) అనే ఐదు గుర్తులూ ఆ రోజు గురువు మొదలుపెట్టిన ఖాల్సా అనే దీక్ష తీసుకున్న సిక్కుల సంఘంతో ముడిపడ్డవే.

ఒక్కరోజే టైముంటే హైదరాబాద్ నుంచి బీదర్ పొద్దున వెళ్లి కోట కూడా చూసుకుని రాత్రికి వచ్చేయొచ్చు, రాత్రి ఉండగలిగితే నాందేడే. రెండు చోట్లా ఆడామగా అందరూ తల కప్పుకోవాలి, కర్చీఫ్ పెట్టుకెళ్లండి. బయట షాపుల్లో కడా కొంటే ఉత్త స్టీలుదే తీసుకోండి, అసలు కడా ఇనుము లేదా ఉక్కుదే, బంగారు పూతవి నాలుగుసార్లు నీళ్లు తగిలితే రంగు పోతాయి.