ఉనవటునలో నాలుగు రాత్రులు: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి

శ్రీలంక దక్షిణ తీరంలో ఊరికే సముద్రం పక్కన సేదతీరాలంటే మిరిస్సా కంటే ఉనవటునకే మా ఓటు. గాలె నుంచి 5 కిలోమీటర్లు. చిన్న అఖాతం, ముందు పగడపు దిబ్బ. అలల జోరు అక్కడే సగం విరిగిపోతుంది. మిరిస్సా అందమైనదే, కానీ అల ఒడ్డుకు గట్టిగా కొడుతుంది, పిల్లలతో కష్టం. తిమింగలాల పడవ ఎక్కాలంటే మాత్రం తెల్లవారుజామునే మిరిస్సా రేవుకు వెళ్లాలి. అరగంట ముందే వాంతుల మాత్ర వేసుకోండి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది నెల. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నిమ్మళంగా ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు ఈ తీరాన్నే కొడతాయి: బురద నీళ్లు, ఎర్రజెండాలు. మన వేసవి సెలవులు సరిగ్గా అందులో పడతాయి. అప్పుడు వెళ్లేవాళ్లు తూర్పు తీరంలోని ట్రింకోమలీ, పాసికుడా చూసుకోవడం మంచిది. సంక్రాంతి సెలవులు ఉనవటునకు చక్కగా కుదురుతాయి. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా అద్దెలు బాగా పెరుగుతాయి కాబట్టి ఆ రోజులు దాటాక వెళ్లండి.

కొలంబో నుంచి గాలెకు రైలు రెండున్నర గంటలు, దారి పొడవునా సముద్రం కుడివైపే. చాలా రైళ్లు మరదానలో బయల్దేరతాయి. కొలంబో ప్రధాన స్టేషన్ అయిన ఫోర్ట్‌కు ఒక్క స్టేషన్ వెనక్కి వెళ్లి అక్కడే ఎక్కితే కిటికీ సీటు దొరికే అవకాశం ఎక్కువ. శుక్రవారం సాయంత్రం ఉద్యోగుల రద్దీ, సామాన్లతో ఎక్కొద్దు. గాలె స్టేషన్ ఎదుటే బస్టాండు. మాతర వైపు వెళ్లే బస్సులు ఉనవటున మలుపులో ఆగుతాయి. ఆటో ఎక్కేముందు పిక్‌మీ యాప్‌లో రేటు చూసుకుంటే బేరం తేలిక.

గది ఇసుక మీదే కావాలని పట్టుబట్టకండి. ఒడ్డున హోటళ్లలో రాత్రి పాటల హోరు కిటికీ మూసినా ఆగదు. సందులోకి 200 మీటర్లు వెళితే తోటల మధ్య గెస్ట్‌హౌస్‌లు: నిద్రా దక్కుతుంది, డబ్బూ మిగులుతుంది. దోమతెర ఉందా, వేన్నీళ్లు వస్తాయా అని ముందే అడగాలి. పెద్ద హోటళ్ల ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే 10 శాతం సర్వీస్ చార్జీ, ఆపైన పన్నులు అదనమని అర్థం. 10,000 రూపాయల గది 13,000 దగ్గరకు చేరుతుంది. ఫోన్ చార్జర్‌కు చదరపు మూడు పిన్నుల అడాప్టర్ తీసుకెళ్లండి.

శాకాహారులు ఒక్క మాట నేర్చుకోవాలి: ‘ఉంబలకడ ఎపా’, అంటే ఎండుచేప పొడి వద్దు అని. కొబ్బరి పచ్చడిలా కనిపించే పోల్ సంబోల్‌లోనూ, కొన్ని కూరల్లోనూ అది కలుస్తుంది. ‘వెజ్’ అంటే ముక్కలు మాత్రమే తీసేసే చోట్లు ఉన్నాయి. అన్నం, పరిప్పు అనే పప్పు, నాలుగు కూరల భోజనం మధ్యాహ్నమే తాజాగా ఉంటుంది.

ఊరి పక్కనున్న రుమస్సల కొండ హనుమంతుడు తెస్తున్న సంజీవని పర్వతంలోంచి జారిపడ్డ ముక్క అని స్థానికుల నమ్మకం. ఆ కొండకు ఉదయాన్నే నడవండి, ఎండెక్కితే ఎక్కడం కష్టం. సాయంత్రం నాలుగు దాటాక గాలె కోట. గడియార స్తంభం నుంచి లైట్‌హౌస్ దాకా డచ్చివాళ్ల గోడ మీద నడిచేందుకు టికెట్ లేదు. పౌర్ణమి రోజు దేశమంతా పోయ సెలవు, మద్యం అమ్మరు, రైళ్లు కిక్కిరుస్తాయి. ప్రయాణం ఆ రోజున పెట్టుకోకండి.