ఎంబీపీఎస్‌ను ఎంబీల్లోకి మార్చడానికి ఏది మేలు: ఎనిమిదా, పదా, 1024ఆ?

"100 ఎంబీపీఎస్‌కు డబ్బు కడుతున్నాం, డౌన్‌లోడ్ చూస్తే 11 దాటడం లేదు" అని చాలామంది బాధపడుతుంటారు. నిజానికి ఆ 11 మంచి వేగమే. ప్లాన్‌లో రాసే ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లని, కంప్యూటర్ చూపించే ఎంబీ అంటే మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. ఇంతవరకు తెలిసినవాళ్లు కూడా లెక్క దగ్గరికి వచ్చేసరికి తలో దారి పడతారు. కొందరు ఎనిమిదితో భాగిస్తారు, కొందరు తేలిగ్గా ఉంటుందని పదితో, కొందరు మధ్యలోకి 1024ను తెస్తారు.

నిర్వచనం ప్రకారం సరైనది ఎనిమిదే. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 ఎంబీ. మరి తెర మీద 12.5 ఎందుకు కనబడదు? 100 ఎంబీపీఎస్ లాన్ కేబుల్‌నే తీసుకుందాం. ఫైలు దాని మీద ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వెళుతుంది. మామూలు పెద్ద ప్యాకెట్‌లో మన ఫైలుకు చెందినవి 1,460 బైట్లు. చిరునామాలు, తనిఖీ బిట్లు, ప్యాకెట్ల మధ్య వదిలే ఖాళీ అన్నీ కలిపితే కేబుల్ మీద అది 1,538 బైట్ల చోటు తీసుకుంటుంది. అంటే 100లో ఫైలుకు దక్కేది దాదాపు 94.9. దీనికి తోడు విండోస్ ఒక ఎంబీని 10 లక్షల బైట్లుగా కాకుండా 1024ను 1024తో హెచ్చవేసి 10,48,576 బైట్లుగా లెక్కిస్తుంది. రెండు కోతలూ పోగా మిగిలేది 11.3. వైఫై మీద ఇంకా తగ్గుతుంది.

పదితో భాగించడం బద్ధకపు లెక్క అనుకోకండి. పాత సీరియల్ పోర్టుల్లో ప్రతి 8 బిట్లకూ ముందొకటి, వెనకొకటి చేర్చి పంపేవారు. అందుకే 9,600 బిట్ల వేగంలో సెకనుకు సరిగ్గా 960 అక్షరాలు వెళ్లేవి. యూఎస్‌బీ 3.0లోనూ ప్రతి 8 బిట్లూ 10 బిట్లుగా మారి ప్రయాణిస్తాయి. దాని 5 జీబీపీఎస్‌ను ఎనిమిదితో భాగించి 625 అంటే తప్పు, 500 ఎంబీ అన్నదే గరిష్ఠ పరిమితి. ఇంటర్నెట్‌కు మాత్రం పది ఉజ్జాయింపే, కానీ ఎంత కాలం పడుతుందో చూసుకోవడానికి నాకు అదే ఇష్టం. 40 ఎంబీపీఎస్ లైను మీద 4 జీబీ ఫైలు దించాలి. ఎనిమిదితో లెక్కేస్తే 13 నిమిషాల 20 సెకన్లు, పదితో 16 నిమిషాల 40 సెకన్లు. పైన చెప్పిన కోతలన్నీ కలిపి చూస్తే పట్టేది సుమారు 15 నిమిషాలు. పదిని నమ్ముకున్నవాళ్లకు ఫైలు కాస్త ముందే చేతికొస్తుంది, దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

డేటా ఎంత పోగవుతుందో లెక్కించేటప్పుడు పదిని దగ్గరికి రానివ్వకూడదు. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. షాపులో నాలుగు సీసీ కెమెరాలు, ఒక్కోటి 2 ఎంబీపీఎస్‌తో రాత్రీపగలూ రికార్డు చేస్తున్నాయనుకోండి. ఎనిమిదితో లెక్కిస్తే కెమెరాకు రోజుకు 21.6 జీబీ, నాలుగింటికి 86.4 జీబీ. 1 టీబీ డిస్క్ పదకొండున్నర రోజులకు నిండిపోతుంది, ఆపైన పాతవాటిని చెరిపేసి కొత్తవి రికార్డవుతాయి. అదే పదితో భాగిస్తే పద్నాలుగు రోజులు దాటి వస్తుందని తేలుతుంది. రెండు వారాల రికార్డింగ్ ఉందన్న ధీమాతో ఉన్న యజమాని, దొంగతనం జరిగిన పదమూడో రోజున వెతికితే అక్కడ ఏమీ ఉండదు. ఫోన్లో మ్యాచ్ చూసేవాళ్లకూ ఇదే చిక్కు. 3 ఎంబీపీఎస్ వీడియోకు రోజువారీ 1.5 జీబీ ప్యాక్ 83 నిమిషాలు వస్తుందని పది చెబుతుంది. 66 నిమిషాలకే అయిపోతుంది. మొదటి ఇన్నింగ్స్ కూడా పూర్తికాదు.

ఇక 1024. వేగం లెక్కల్లో దానికి చోటు లేదు. టెలికాంలో కిలో అంటే వెయ్యి, మెగా అంటే పది లక్షలు. మనల్ని తికమకపెట్టేది ఈ1 లైను, అంటే చాలా ఫోన్ కాల్స్‌ను ఒకేసారి మోసే టెలికాం లైను. మాటను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో పెడితే ఒక కాల్‌కు 64,000 బిట్లు అవుతాయి. అలాంటి దారులు 32 కలిపితే 20,48,000 బిట్లు, అంటే 2.048 ఎంబీపీఎస్. వాటిలో మాటలకు 30, మిగతా రెండూ లైను నిర్వహణకు. 2048 కనబడగానే రెండు 1024లు అనిపిస్తుంది కానీ ఇది 32 సార్లు 64 మాత్రమే. దీన్ని 1024 పద్ధతిలో 2 మెగాబిట్లుగా చదివితే 20,97,152 అవుతుంది, లేని 49 వేల బిట్లు పుట్టుకొస్తాయి. బైట్లలో కావాలంటే ఎనిమిదితో భాగిస్తే చాలు, సెకనుకు 2,56,000. 1024 లెక్కకు వేరే పేరుండాలని 1998లోనే మెబీబైట్ అనే ప్రమాణం తెచ్చారు. విండోస్ మాత్రం ఇప్పటికీ దాన్ని ఎంబీ అనే రాస్తోంది. అందుకే 1024 అవసరం విండోస్ చూపే అంకెను సరిపోల్చుకునేటప్పుడే.

నెట్ కంపెనీకి ఫిర్యాదు చేయాల్సి వస్తే మాత్రం అసలు మార్చకపోవడమే మేలు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి, నెట్ వేగం కొలిచే మైస్పీడ్ యాప్ ఫలితాన్ని ఎంబీపీఎస్‌లోనే ఇస్తుంది. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 2023లో ప్రభుత్వం పెట్టిన కనీస వేగం 2 కూడా ఎంబీపీఎస్‌లోనే ఉంది. ప్లాన్‌లో ఏ యూనిట్ రాసుందో అదే యూనిట్‌లో కొలిచి, వీలైతే వైఫై పక్కనపెట్టి కేబుల్ మీద కొలిచి, ఆ అంకెనే ఫిర్యాదులో రాయండి.