యజమాని లేని అప్పడం: లిజ్జత్ మినప అప్పడాలపై సమీక్ష

లిజ్జత్ మినప అప్పడంలో మొదట తెలిసేది మిరియం. ప్యాకెట్టు విప్పగానే ఇంగువ వాసన వచ్చినా, కొరికినప్పుడు నాలుకను పట్టుకొనేది కచ్చాపచ్చాగా నలిగిన ఆ మిరియపు పలుకే. మన ఇళ్లలో అప్పడాన్ని నూనెలో వేయించడమే అలవాటు. ముద్దపప్పు, ఆవకాయ కలిపిన అన్నంలోకి అదే నప్పుతుంది కూడా. అయితే ఈ అప్పడం అసలు గుణం తెలియాలంటే నూనె జోలికి పోకుండా, సన్నని మంట మీద పట్టకారుతో తిప్పుతూ కాల్చి, పెరుగన్నంతో తినాలని నా అభిప్రాయం. అలా కాల్చినప్పుడు మినప్పిండి కమ్మదనం, మిరియపు ఘాటు వేటికవి విడిగా తెలుస్తాయి.

రుచి బాగుండటం కన్నా, ఏ ఊళ్లో కొన్నా ఆ రుచి మారకపోవడం నాకు గొప్పగా తోస్తుంది. ఎందుకంటే ఈ అప్పడాలు ఒక కర్మాగారంలో ఒక యంత్రం మీద తయారయ్యేవి కావు. దేశంలోని అనేక శాఖల పరిధిలో 45 వేలకు పైగా స్త్రీలు, చాలావరకు ఎవరి ఇంట్లో వారు పీట, కర్ర ముందు పెట్టుకొని ఒత్తేవి. వారిపై యజమాని లేడు, వారే యజమానులు. ఇతరులకు ఆజ్ఞలు ఇవ్వగల స్థానం ఎవరికీ లేని చోట నాణ్యతను ఎవరు నిలబెడుతున్నారు అన్న ప్రశ్నకు జవాబు వెతికితే, పలుకుబడిని సంపాదించుకొని నడిపించడం అంటే ఏమిటో ఈ అప్పడమే చెబుతుంది.

సంస్థ పూర్తి పేరు శ్రీ మహిళా గృహ ఉద్యోగ్ లిజ్జత్ పాపడ్. 1959 మార్చి 15న ముంబయిలోని గిర్గాఁవ్‌లో ఒక భవనం మిద్దె మీద ఏడుగురు గుజరాతీ గృహిణులు తొలిరోజు నాలుగు ప్యాకెట్ల అప్పడాలు చేశారు. పెట్టుబడి 80 రూపాయల అప్పు. ఇచ్చినవారు సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీకి చెందిన సేవాపరుడు ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్, అందరి నోటా ఛగన్‌బాపా. సభ్యత్వం స్త్రీలకే పరిమితమైన ఆ సంస్థలో ఆయన మాటను కాదనే స్వేచ్ఛ వారికి ఎప్పుడూ ఉంది. మొదట్లో వారు రెండు రకాలు చేసేవారు. ఒకటి మేలైనది, రెండోది తక్కువ ధరకు అమ్మడానికి నాసిరకం. నాసిరకాన్ని మానేయమనీ, నాణ్యత విషయంలో ఎన్నడూ రాజీ పడవద్దనీ, దీన్ని దానధర్మంగా కాక వ్యాపారంగా నడుపుతూ లెక్కలు సరిగా రాయమనీ ఆయన చెప్పారు. ఏ పదవీ లేని మనిషి చెప్పిన ఆ మాట ఇప్పటికీ సంస్థకు కట్టుబాటుగా ఉన్నదంటే కారణం అప్పు ఇచ్చిన ఉపకారం ఒక్కటే కాదని నేను నమ్ముతాను. తనకు లాభం లేని సలహా ఇచ్చినవారి మీద కలిగే నమ్మకం వేరు.

ఈ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ లభించింది. ఆమెను, ఆమె తోటివారిని తలచుకున్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది పురస్కారం కాదు, మంచం. తొలి ఏడాది వానాకాలంలో అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడాది వారు ఒక మంచం, ఒక పొయ్యి కొని, మంచం మీద అప్పడాలు పరచి కింద పొయ్యి పెట్టి ఆరబెట్టారు. చేతులు కలిపినవారి పని ఆగకుండా చూడటానికి ఇంత శ్రద్ధ పెట్టినవారి మాటకు తరువాత చేరినవారి దగ్గర విలువ రాకుండా ఎలా ఉంటుంది?

ఇప్పటి పద్ధతిలోనూ అదే తీరు కనిపిస్తుంది. శాఖలో పిండి ఒకేచోట కలుపుతారు. సభ్యురాళ్లు దాన్ని తూకం వేయించుకొని ఇంటికి తీసుకువెళ్లి, ఒత్తి ఎండబెట్టి, మర్నాడు తెచ్చి అప్పగిస్తారు. అప్పడాలను పరీక్షించి తీసుకొన్నాక ఒత్తినందుకు కూలి చేతికి వస్తుంది. ఇంట్లో శుభ్రమైన చోటు లేనివారికి పిండి కలపడం, తూకం, ప్యాకింగు వంటి పనులు ఉంటాయి. శాఖను నడిపే సంచాలిక కూడా ఈ సభ్యురాళ్ల నుంచి వచ్చినామే. మందం ఎక్కువైందని ఆమె ఒక అప్పడాన్ని పక్కన పెడితే ఎదుటి మనిషి చిన్నబుచ్చుకోకుండా ఒప్పుకోవడానికి, ఆ కర్ర బరువు ఆమె చేతికీ తెలుసన్న ఎరుక ఎంతో తోడ్పడుతుంది. మొత్తం సంస్థ వ్యవహారాలు చూసే 21 మంది సంఘంలోనూ ఉండేది సభ్యురాళ్లే. నిర్ణయాలు అందరి అంగీకారంతో జరగాలన్నది అక్కడి నియమం కాబట్టి, ఏదైనా చేయించాలనుకొన్నవారు ముందు తోటివారిని ఒప్పించాలి.

ఈ పద్ధతికి మూల్యం లేకపోలేదు. అందరినీ ఒప్పించడానికి కాలం పడుతుంది. ఒత్తినదాన్ని బట్టి కూలి కాబట్టి, ఒంట్లో బాగాలేక, ఇంటి చాకిరీ ఎక్కువై తక్కువ ఒత్తినామెకు ఆనాటి రాబడి తగ్గుతుంది. సమానత్వం గురించి ఎంత గొప్పగా చెప్పుకొన్నా ఈ సంగతి మరువకూడదు. సంచాలిక పలుకుబడికి నిజమైన పరీక్ష కూడా అటువంటి సభ్యురాలితో ఆమె ఎలా మెలగుతుందన్న దానిలోనే ఉందని నాకు అనిపిస్తుంది.

కొనదలచినవారికి నా సలహా: మొదట మిరియాల మినప అప్పడాన్నే తీసుకోండి. చిన్నపిల్లలు, ఘాటు పడనివారు ఉన్న ఇంట్లో పెసర అప్పడం మేలు. వెల్లుల్లి రకం, పంజాబీ మసాలా రకం కూడా ఉన్నాయి, కానీ మన ఊరగాయల పక్కన వాటి మసాలా కాస్త అధికమే. అప్పడం ఏదైనా ఉప్పు, అప్పడాల కారం (మిరపకారం కాదు, సోడా వంటి క్షారం) ఉన్న పదార్థమే కనుక రక్తపోటు ఉన్నవారు ఒకటితో ఆపడం మంచిది. చేత్తో ఒత్తినవి కాబట్టి అంచులు యంత్రంతో కోసినంత గుండ్రంగా లేకపోతే అది లోపమని అనుకోనక్కరలేదు. ప్యాకెట్టు విప్పాక గాలి చొరని డబ్బాలో పెట్టి, వానాకాలంలో త్వరగా వాడేయండి.