బాల్ పైథాన్ పెట్టెలో తేమ: స్ప్రేనా, తడి కొబ్బరిపొట్టా?

రోహిణి కార్తెలో ఉదయగిరి వైపు వడగాలి కొడితే పెట్టెలో తేమ 40 శాతం కిందికి జారిపోతుంది, ఇంట్లో పెంచుకునే ఈ చిన్న రకం కొండచిలువకి కావాల్సిందేమో 60 దగ్గర.

ఖర్చు: రెండూ చవకే, కొబ్బరిపొట్టు ఇటుక నర్సరీల్లోనే దొరుకుతుంది.

శ్రమ: నీళ్ల స్ప్రే రోజుకి రెండు మూడుసార్లు కొట్టాలి, కాసేపటికే తేమ మీటర్‌లో ముల్లు మళ్లీ కిందికి. పొట్టు అయితే పెట్టె అడుగున పరిచి మూలల్లో నీళ్లు పోస్తే అడుగు తడిగా, పైన పొడిగా ఉండి రోజుల తరబడి తేమ వదులుతుంది. మా పాము కుబుసం ముక్కలుగా ఊడి, కంటిమీద పొర అంటుకుపోయాక నేను దీనికే మారాను, తర్వాతి కుబుసం తోకదాకా ఒకే తొడుగులా వచ్చింది, ఎంత సంతోషమేసిందో!

రిస్క్: పొట్టు పైన కూడా తడిగా ఉంటే పొట్టకింద పొలుసులు కుళ్లుతాయి, బూజు పడుతుంది.

ఏసీ గదిలో, ఎండాకాలంలో పొట్టే. కుబుసం విడిచే ఆ కొద్ది రోజులకైతే స్ప్రే చాలు. నెల్లూరులో నవంబర్ వానలప్పుడు మాత్రం రెండూ ఆపి గాలి ఆడనివ్వండి.