మ్యాజిక్ చేస్తూ ఏం మాట్లాడాలి: వివరణా, కథా, మౌనమా?

"చూడండి, ఇది మామూలు పేక కట్ట. నా చేతిలో ఏమీ లేదు. ఇప్పుడు ఈ ముక్కను మధ్యలో పెడుతున్నా." బెంగళూరులోని మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌసుల్లో మనవాళ్ల పిల్లల పుట్టినరోజులకు కొత్తగా మ్యాజిక్ చేసేవాళ్లు ఎక్కువగా అనే మాటలివి. చేసేదే చెప్పడం అన్నమాట. ఇది కాకుండా ఇంకో రెండు దారులున్నాయి: కథ కట్టడం, అసలు నోరు విప్పకపోవడం.

చేసేదే చెప్పడం నా లెక్కలో అన్నిటికంటే బలహీనమైంది. ముక్కను మధ్యలో పెట్టడం జనానికి కనబడుతూనే ఉంది, మళ్లీ చెప్పడమెందుకు? పైగా 'మామూలు పేక' అనగానే లేని అనుమానం పుడుతుంది. అడక్కుండానే "మా కందిపప్పులో రాళ్లుండవండీ" అనే కొట్టువాడి దగ్గర పప్పు కొనేముందు ఒకసారి చేత్తో కెలికి చూస్తాం కదా! దానికి బదులు కట్టను ముందు వరసలో ఉన్న బాబాయిగారి చేతిలో పెట్టి, "కాస్త కలిపిపెడతారా?" అనండి. ఆయన కలుపుతూ నాలుగు ముక్కలు తిరగేసి చూసుకుంటారు. మామూలుదేనని తనంతట తానే తేల్చుకుని పక్కాయనకూ చెబుతారు. కట్ట ఇంకొకరి చేతికి ఇవ్వలేనిదైతే దాని గురించి ఊసే ఎత్తకండి.

అయితే చేసేదే చెప్పే పద్ధతి ఒక్కచోట మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ముక్క బయటపెట్టే ముందు: "పేక కలిపింది మీరు. ముక్క తీసింది మీరు. అవునా బాబాయిగారూ?" ఆయన "అవును" అన్నారంటే, రేపు ఇంట్లో వాళ్లకు ఈ కథ చెప్పేటప్పుడు ఇదే వరసలో చెబుతారు. ఊపులో "నేను అసలు ముట్టుకోనే లేదు" అని అబద్ధం మాత్రం కలపొద్దు. మూడో వరసలోంచి ఒక బుడ్డోడు "ముట్టుకున్నారంకుల్!" అంటే ఆ పూటకు దుకాణం బంద్.

ఇక కథ. దీని బలం తెలియాలంటే 1847 నాటి పారిస్‌కు వెళ్లాలి. 1846 అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్ మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసి చూపించారు. మరుసటి ఏడాదికల్లా పారిస్‌లో ఎక్కడ చూసినా ఆ ముచ్చటే. అక్కడి మెజీషియన్ రాబర్ట్ హూడిన్ తన కొడుకును వేదిక మీదకు తెచ్చి, గాఢమైన ఈథర్ పీలిస్తే ఒళ్లు కాసేపు బెలూన్‌లా తేలికైపోతుందని శాస్త్రవేత్తలా గంభీరంగా చెప్పాడు. పిల్లాడు మోచేతి కింద ఒక్క కర్ర ఆధారంతో గాలిలో అడ్డంగా నిలిచాడు. అదే సమయానికి తెర వెనక వేడి ఇనుము మీద ఈథర్ పోసి ఆ వాసన హాల్లోకి వదిలారు. ఆ మాటలూ ఆ వాసనా తీసేస్తే మిగిలేది కర్రకు ఆనుకున్న పిల్లాడే. కన్నకొడుకును ఇంత హింస పెడతావా అని తిడుతూ జనం ఉత్తరాలు రాశారంటే ఎంత నమ్మారో చూడండి.

మరి మన బెంగళూరులో ఈథర్ ఏది? "నాలుగంకెల సంఖ్య ఒకటి అనుకోండి" అనే బదులు, "ఆంటీ, మీకో ఓటీపీ వచ్చింది, ఫోన్‌లో కాదు, మనసులో. నేనడిగినా చెప్పకండి" అని చూడండి. చేసేది అదే ట్రిక్కు. కానీ ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మకు కూడా ఓటీపీ అంటే ఏమిటో, ఎందుకు దాచాలో తెలుసు. చివర్లో ఆ అంకెలు మీ జేబులోని కాగితం మీద కనబడితే నవ్వూ వస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది. నలుగురు జాకీలు నలుగురు దొంగలై మేడ మీదకెక్కే పాత కథ నాలుగేళ్ల పిల్లలకు సరే, వాళ్ల నాన్నలు మాత్రం ఫోన్లు తీస్తారు.

మౌనం పెద్ద వేదికకూ సంగీతానికీ నప్పుతుంది. కేకు కోసం పిల్లలు అరుస్తున్న క్లబ్‌హౌసులో మీరు నోరు మూసుకుంటే మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు. కానీ సరైన చోట ఆగడం ఎంత పని చేస్తుందో 1956 ఏప్రిల్ 9న బెంగాలీ మెజీషియన్ పి.సి. సర్కార్ బీబీసీ టీవీ కార్యక్రమం పనోరమాలో చూపించాడు. రంపంతో అమ్మాయిని కోశాక ఆమెను లేపబోయాడు. కదల్లేదు. తల అడ్డంగా ఊపి ముఖం మీద నల్లగుడ్డ కప్పాడు. వెంటనే కార్యక్రమ వ్యాఖ్యాత రిచర్డ్ డింబుల్బీ కెమెరా ముందుకొచ్చి కార్యక్రమం అయిపోయిందన్నాడు. అమ్మాయి చచ్చిపోయిందేమోనని బీబీసీకి ఫోన్ల వరద. "లేచింది, చూడండి" అన్న ఒక్క మాట లేకపోవడమే ఆయన్ని పత్రికలకెక్కించింది. మనం అంత దూరం పోనక్కర్లేదు. ముక్క చూపించాక మూడు సెకన్లు ఆగితే చాలు. ఆ చప్పట్ల మీద "ఎలా ఉంది?" అని పడకండి.

'నాకు శక్తులున్నాయి' అనడమా, 'కనికట్టు' అనడమా? మహిమలను పరీక్షించడానికి 1976లోనే బెంగళూరు విశ్వవిద్యాలయంలో కమిటీ వేసిన అప్పటి వైస్ ఛాన్సలర్ హెచ్. నరసింహయ్య ఊరు ఇది. ఇక్కడ నిలబడి శక్తులంటే నాకు చిరాకు. మనసు చదివే ట్రిక్కు అయ్యాక ఎవరో ఒకరు పక్కకు పిలిచి పోయిన గొలుసు గురించో, అమ్మాయి సంబంధం గురించో అడుగుతారు. "నాకు తెలిసింది చేతి పనితనమేనండీ" అని అప్పటికప్పుడే చెప్పేయాలి. అలాగని మొదట్లోనే "ఇదంతా మోసం" అని చప్పబెట్టనూ వద్దు.

ఇక ఏ భాషలో? తాతయ్యకు అది ఇస్పేటు ఆసు, ఇక్కడ పుట్టిన మనవడికి ఏస్ ఆఫ్ స్పేడ్స్, పక్క ఫ్లాట్ కన్నడావిడకు ఆ తెలుగు పేరు అర్థం కాకపోవచ్చు. ముక్క పేరు మీరు చెప్పకండి, తీసినవాళ్లతోనే గట్టిగా చెప్పించండి. వాళ్లు ఏ భాషలో చెబితే ఆ భాషలోనే ముగించండి.