రాష్ట్రమంతటికీ ఒకే టార్గెటా, కాలేజీకో టార్గెటా?

ఎంతమంది కాలేజీ చదువు పూర్తి చేయాలన్న టార్గెట్ సంగతి ఇది. అమెరికాలో రెండూ నడిచాయి. టెక్సాస్ 2015లో, 25–34 ఏళ్లవాళ్లలో 60 శాతం మంది చేతిలో 2030కల్లా డిగ్రీయో సర్టిఫికెట్టో ఉండాలని రాష్ట్రం మొత్తానికి ఒక అంకె పెట్టుకుంది. టెనెసీ మాత్రం 2010 చట్టంతో ఏ కాలేజీ ఎంతమందిని గట్టెక్కించిందో చూసి డబ్బులివ్వడం మొదలుపెట్టింది.

ఖర్చు: ఒకే అంకె ప్రకటించడానికి పెద్దగా ఏమీ కాదు. కాలేజీల లెక్కకైతే ప్రతి విద్యార్థి డేటా ఏటా పక్కాగా ఉండాలి, దానికి మనుషులు కావాలి.

శ్రమ: మొదటిది జనానికి ఇట్టే అర్థమవుతుంది. రెండోదాంట్లో ఏ కాలేజీకి ఎంత డబ్బో లెక్కగట్టే ఫార్ములా ప్రిన్సిపాళ్లకే తలనొప్పి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. రాష్ట్రం అంకె తప్పితే అడిగేదెవరిని? పైగా వేరే రాష్ట్రాల నుంచి డిగ్రీలతో వచ్చి స్థిరపడినవాళ్లూ అందులో కలిసిపోతారు, స్థానిక పిల్లలు మధ్యలో మానేసినా పైకి కనపడదు. కాలేజీ టార్గెట్‌తో ఇంకో భయం: మార్కులున్నవాళ్లనే చేర్చుకోవడం, పాస్ చేయడం సులువు చేసేయడం. అందుకే టెనెసీ పేద విద్యార్థులకూ, పెద్దవయసులో చదివేవాళ్లకూ ఫార్ములాలో అదనపు వెయిటేజీ ఇచ్చింది, నాకు బాగా నచ్చిన పని అదే.

డేటా సరిగ్గా లేని రాష్ట్రమైతే ముందు ఒకే అంకెతో మొదలుపెట్టడం మేలు. డేటా ఉండి, చేరినవాళ్లు సగంలో మానేయడమే అసలు సమస్యైతే కాలేజీల వారీ టార్గెట్టే పెట్టాలి, ఆ వెయిటేజీతో సహా.